ఒంటిగంట దాకా ఉంచండి

అర్ధరాత్రి దాటి చాలాసేపైంది. విహార ఓడ మీది పిల్లల గదిలో కోరలీ ఒక్కతే మిగిలింది. మిగతా పిల్లలందర్నీ తల్లులో తండ్రులో వచ్చి భుజాన వేసుకుని, బూట్లు చేత్తో పట్టుకుని తీసుకుపోయారు. ఎనిమిదేళ్ళ ఈ పిల్ల మాత్రం నేల మీద బాసింపట్టు వేసుకుని, పట్టపగలు కూచున్నట్టు కూచుంది. కళ్ళలో నిద్ర అన్న మాటే లేదు.

"మిస్ నెనీతా, ఓడ మునిగితే పడవల్లోకి ముందు పిల్లల్ని ఎక్కిస్తారా, వంటవాళ్ళని ఎక్కిస్తారా?"

"ముందు ప్రశ్నలు వెయ్యనివాళ్ళని ఎక్కిస్తారు," అంది నెనీతా, బొమ్మ ఇటుకల్ని ఒక్కొక్కటే మందునీళ్ళలో ముంచి గుడ్డతో తుడుస్తూ. రాత్రికి మూడు బుట్టల ఇటుకలు తుడవాలి. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు కదా మరి! ఇలోయిలో అనే ఊరి నుంచి వచ్చి ఓడల మీద పిల్లల గదుల్లో పనిచేయడం మొదలుపెట్టాక ఆవిడ వేళ్ళ చివర్లు ఎప్పుడూ నానినట్టే ఉంటాయి.

అవతల యొలీసా పరుపులు చుడుతోంది. కేప్‌టౌన్ పిల్ల, మొదటి ఉద్యోగం. "అక్కా, ఆ ఆకుపచ్చ గౌను మేడం ఇంకా రాలేదు. డాన్సుగదిలోనే తెల్లారుస్తుందేమో."

తలుపు దగ్గర ఏదో ధబ్బున తగిలిన చప్పుడైంది. ఆకుపచ్చ గౌనే. తళుకులన్నీ మెరుస్తున్నాయి, మనిషి మాత్రం తలుపు చట్రానికి భుజం కొట్టుకుని, అది తనదే తప్పన్నట్టు చట్రాన్ని చేత్తో నిమిరింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెంప మీద ఏదో గీత పడి ఉంది.

"గుర్తుమాట చెప్పండి మేడం," అంది నెనీతా. పిల్లల్ని దింపేటప్పుడు ప్రతి తల్లీ ఒక గుర్తుమాట చెప్పిపోవాలి, తీసుకెళ్ళేటప్పుడు అదే మళ్ళీ చెప్పాలి. అది లేకపోతే దేవుడొచ్చినా పిల్లని ఇవ్వరు.

ఆ మేడం, కోరలీ తల్లి లవాన్ ప్రూయిట్, నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. "రొట్టె. అదే... ఏదో పిండి... రొట్టె."

"నువ్వు చెప్పు అమ్మా, నేను చెప్పకూడదు!" అని కోరలీ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మొక్కజొన్న రొట్టె," అంది లవాన్ చివరికి, పరీక్ష గట్టెక్కినదాన్లా. వంగి కూతురి చెయ్యి పట్టుకుంటూ కొంచెం తూలింది. నెనీతాకి గుప్పున పుదీనా వాసన వచ్చింది.

వాళ్ళు వెళ్ళాక యొలీసా కిసుక్కున నవ్వింది. "బాగానే పట్టించినట్టుంది మేడం."

నెనీతాకి నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. సెలవుకి వచ్చావు సరే, ఆడు, పాడు, తాగు. ఒళ్ళు తెలియకుండా వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుంటావా? ఇలాంటి వాళ్ళకి పిల్లలెందుకు పుడతారో అనుకుంటూ ఆఖరి బుట్ట తుడిచింది. మర్నాడు పొద్దున, అడక్కుండానే, మేనేజర్ కెర్విన్‌కి చెప్పేసింది.

"వాసనొచ్చిందా?" అన్నాడు కెర్విన్. ట్రినిడాడ్ మనిషి. తాటిచెట్టంత పొడుగు, బూట్లలో మొహం చూసుకోవచ్చు.

"పుదీనా వాసన సార్."

"అదే మరి! తాగినవాళ్ళే పుదీనా నములుతారు. ఇవాళ రాత్రి నేనే వచ్చి చూస్తాను."

*

రెండో రాత్రి పన్నెండుమంది పిల్లలు. ఈ కార్యక్రమానికి కాగితాల మీద పెట్టిన పేరు 'రాత్రి పిట్టలు'. పది నుంచి ఒంటిగంట దాకా ఆటలే ఆటలని రాసి ఉంటుంది. నిజానికి పదకొండు కొట్టేసరికి సగంమంది పిట్టలు రెక్కలు ముడుస్తాయి. అప్పుడే నెనీతా అసలు పని. పిల్లల్ని ముట్టుకోకూడదని నిబంధన. ఒళ్ళో వేసుకోకూడదు, వీపు తట్టకూడదు. అందుకని ఆవిడ పిల్ల పక్కనున్న ఖాళీ పరుపుని తడుతుంది. మెత్తగా, ఒకే లెక్కన, వాళ్ళమ్మ తనని తట్టినట్టే. ఆ చప్పుడు నేల మీంచి పిల్లల దాకా పోతుందో ఏమో, కళ్ళు మూతలు పడతాయి. ఆమె చేతికి ఇంతవరకూ ఎదురులేదు.

కోరలీకి మాత్రం ఆ చెయ్యి పనిచేయలేదు. నెనీతా తడుతుంటే పిల్ల పక్కకి తిరిగి, మర్యాదగా, "పరుపుకి దెబ్బ తగులుతోందేమో మిస్ నెనీతా," అంది.

కాసేపటికి నీళ్ళడిగిన పిల్లవాడొకణ్ణి తీసుకుని నెనీతా పక్కగదిలోకి వెళ్ళింది. యొలీసా ఆఖరి పరుపుకి దుప్పటి తొడుగుతోంది. వెనక నుంచి లైఫ్‌జాకెట్‌కి కట్టి ఉండే ఈల మోత. ఏడు పొట్టి ఈలలు, ఒక పొడుగు ఈల. అది ప్రమాదం వచ్చిందన్న సైగ, ఓడలో బతికే ఎవరికైనా ఆ లెక్క వింటే కాళ్ళు వాటంతటవే పరిగెడతాయి. నెనీతా గ్లాసు వదిలేసి వచ్చేసరికి, మిగతా పిల్లలంతా లైఫ్‌జాకెట్లు తలకిందులుగా తొడుక్కుని, నిద్రకళ్ళతో గోడవార వరసగా నిలబడ్డారు. అందరికంటే చిన్నవాడు నిలబడే నిద్రపోతున్నాడు. కోరలీ చేతులు వెనక్కి కట్టుకుని వరస తనిఖీ చేస్తోంది.

"చిన్నవాళ్ళు ముందుకి. ఎవరూ తోసుకోకూడదు. కెప్టెన్ చెప్పేదాకా ఏడవకూడదు."

సరిగ్గా అప్పుడే కెర్విన్ తలుపు తీశాడు. ఒక పిల్ల ఏడుపందుకుంది. దాన్ని చూసి రెండోది. ఇక చెప్పేదేముంది, గది గదంతా గగ్గోలు.

వాళ్ళని మళ్ళీ పడుకోబెట్టేసరికి యొలీసాకి చెమటలు పట్టాయి. కెర్విన్ గోడకి ఆనుకుని అంతా చూశాడు. "ఈ పిల్లని రేపట్నుంచి పదకొండుకే పంపించెయ్," అన్నాడు. "అందరి నిద్రా పాడుచేస్తోంది. తల్లి చూస్తే అలా ఉంది, పిల్ల చూస్తే ఇలా ఉంది."

కోరలీ ఆ మాట వింది. ఇంతసేపూ కెప్టెన్‌లా తిరిగిన పిల్ల మొహం ఒక్కసారి వాడిపోయింది. వచ్చి నెనీతా చొక్కా అంచు పట్టుకుంది. "ఒంటిగంట దాకా ఉంచండి మిస్ నెనీతా. ఈల ఊదను. మాట్లాడను. కావాలంటే బాత్‌రూమ్‌లో కూచుంటాను. పదకొండుకి వెళ్తే అమ్మ లేవాలి... అంటే, అమ్మకి పనుంటుంది."

"ఓడ మీద ఏం పనే మీ అమ్మకి?"

పిల్ల పెదాలు బిగించేసింది. ఎవరో చెప్పొద్దన్నట్టు.

ఒంటిగంటకి ఆకుపచ్చ గౌను వచ్చింది. ఇవాళ గుర్తుమాట వెంటనే చెప్పింది, పాపం దారంతా వల్లెవేసుకుంటూ వచ్చినట్టు. ఎదురుగా ఇంకో నలుగురు తల్లిదండ్రులుండగానే కెర్విన్ గొంతు సవరించుకున్నాడు. "మేడం, మీరీ స్థితిలో వస్తే పాపని మీ చేతికి ఇవ్వలేం. ఇవాళ మా మనిషి తోడొస్తుంది. ఇంకోసారి ఇలా వచ్చినా, ఆలస్యమైనా, ఇక ఈ ప్రయాణంలో రాత్రిపూట పాపని తీసుకోం."

నలుగురూ ఆవిడ వైపు చూశారు. లవాన్ ఎదురు చెబుతుందేమోనని నెనీతా చూసింది. ఆవిడ తల వంచుకుని, "అలాగేనయ్యా," అంది. అంతే.

తోడుగా నెనీతా వెళ్ళింది. వాళ్ళ క్యాబిన్ ఓడ అడుగున, ముందుకొసన ఉంది. లిఫ్టులో కోరలీ మీటలన్నీ చదువుకుంటూ ముందు నిలబడింది. లవాన్ వీపు నెనీతా వైపుంది. తళుకుల గౌను జిప్పు సగం దాకానే ఎక్కింది. లోపల బాతుబొమ్మల రాత్రి చొక్కా కనిపిస్తోంది. నాట్యం చేసొచ్చిన మనిషి లోపల రాత్రి చొక్కా ఎందుకు తొడుక్కుంటుంది?

తలుపు తీయగానే టకటకమంటూ పాతకాలపు అలారం గడియారం. చప్పుడు ఎక్కువ రావాలని దాన్ని స్టీలు పళ్ళెంలో నిలబెట్టారు. పక్కమీద దుప్పటి ఒక్క మనిషి ఒంటి ఆకారానికి గుంటపడి ఉంది. బేసిన్ దగ్గర బ్రష్షు ఇంకా తడిగానే ఉంది, మూత తీసిన పేస్టు పక్కనే ఉంది. పుదీనా పేస్టు.

నెనీతా గడప దాటకుండా నిలబడిపోయింది. "మీరు... డాన్సులకి వెళ్ళలేదా మేడం?"

"ఏ డాన్సులమ్మా!" లవాన్ పక్కమీద కూలబడింది. "దీన్ని మీ దగ్గర దిగబెట్టేసి, ఇటొచ్చి పడుకుంటాను. ఇది పుట్టినప్పట్నుంచీ రాత్రికి రెండు గంటలు కునుకు తీస్తే గొప్ప. మెలకువగా ఉంటే ఊరుకుంటుందా, తలుపులు తీస్తుంది. ఓసారి టార్చిలైటు పట్టుకుని రోడ్డు మధ్య దొరికింది, లారీలు లెక్కపెడుతూ. అప్పట్నుంచీ ఒక కన్ను తెరిచే పడుకుంటున్నా. ఆస్పత్రిలో నాతో దుప్పట్లుతికే ఆవిడ చెప్పింది, ఓడ మీదైతే పిల్లల్ని ఒంటిగంట దాకా చూసుకుంటారే అని. మూడు గంటలు! రెండు కళ్ళూ మూసుకుని! అందుకే ఎక్కాను. నీళ్ళూ దీవులూ నాకేం కావాలి?"

"మరి ఈ గౌనెందుకు?"

"పార్టీకి పోయే తల్లయితే నవ్వుతూ తీసుకుంటారు పిల్లని. పడుకోడానికి పోతున్నానంటే? కన్నతల్లివి కాదా అంటారు. మా ఆడపడుచు అననే అంది."

"నాతో చెప్పుంటే..."

"నిన్న రాత్రి నువ్వు నన్ను చూసిన చూపుకి చెప్పబుద్ధి కాలేదమ్మా," అంది లవాన్. కోపంగా కూడా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. కోరలీ అప్పటికే గడియారం వెనక మూత ఊడదీస్తోంది.

నెనీతాకి తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ రాత్రి తన బంకు మీద పడుకుని, నిద్రొచ్చే వేళకి నిద్ర రాక, తన నోటిని తనే తిట్టుకుంది.

*

"నోరు జారాను సార్," అంది మర్నాడు. కెర్విన్ సిబ్బంది మెస్‌లో అన్నం మీద మిరపకాయ పచ్చడి వేసుకుంటున్నాడు. "ఆవిడ చుక్క ముట్టలేదు. నిద్రమత్తు. తాగుడుకీ నిద్రకీ తేడా తెలుసుకోకుండా వచ్చి మీకు మోశాను."

జరిగిందంతా చెప్పింది. యొలీసా చెంచా నోటి దగ్గరే ఆపేసింది. కెర్విన్ మాత్రం మెత్తబడలేదు. నలుగురి ముందూ అనేశాడాయె. పైవాళ్ళతో కూడా ఓ మాట వేసి ఉంచాడు. అన్న మాట వెనక్కి తీసుకోవడమంటే ఆయనకి బూటు మీద మరక పడ్డట్టే.

"నిద్రపోడానికి ఓడెక్కేవాళ్ళని నువ్వెక్కడైనా చూశావా? అయినా తల్లి సంగతి పక్కన పెట్టు. పిల్ల గదిలో అందర్నీ లేపింది. మిగతా తల్లిదండ్రులు నన్నడగరా?"

"పోయినసారి సెలవుకి ఇంటికెళ్తే మీరేం చేశారు సార్?"

కెర్విన్ పచ్చడి నాకి, కిటికీ వైపు చూశాడు. "పడుకున్నాను."

"ఎన్నాళ్ళు?"

"భయపడి మా అమ్మ డాక్టర్ని పిలిచేదాకా." యొలీసా పకపకా నవ్వేసింది. ఆ బల్ల చుట్టూ కూచున్నవాళ్ళలో కడుపునిండా నిద్రపోయిన మొహం ఒక్కటీ లేదు. నెలల తరబడి సెలవన్నది ఎరగని మనుషులు. ఓడలో ఏదడిగినా దొరుకుతుంది, నిద్ర తప్ప.

"ఈ ఒక్క రాత్రి ఉంచండి సార్. పిల్లకి పని నేను చెప్తాను."

"ఒక్క రాత్రి," అన్నాడు కెర్విన్ లేస్తూ. "నేనూ ఉంటాను. ఒక్క పిల్ల లేచినా సరే, తల్లి ఒంటిగంటకి రాకపోయినా సరే, అంతటితో సరి. ఇంకేం మాట్లాడకు."

అంటే ఆవిడకి దొరికితే ఇంకా అయిదు రాత్రుళ్ళ నిద్ర, లేకపోతే ఏమీలేదు. ఆవిడకి మళ్ళీ ఇలాంటి ఓడ ప్రయాణం దొరకదు. నెనీతా ఎండుచేప సగం అలాగే వదిలేసి లేచింది.

*

సాయంత్రం మైకులో కెప్టెన్ మాట వినిపించింది: రేపు పొద్దున కోజుమెల్ దీవి చేరతాం. అక్కడి టైముకి సరిపోయేలా అర్ధరాత్రి ఓడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. ప్రయాణికులు చప్పట్లు కొట్టారు, ఒక గంట నిద్ర కలిసొచ్చిందని.

"వాళ్ళకి గంట నిద్ర, మనకి గంట చాకిరీ," అని యొలీసా సణిగింది. "పన్నెండుకి చేరి మళ్ళీ పదకొండుకి వెళ్ళి, మళ్ళీ ఒంటిగంట దాకా ఈడవాలి. ఈ గంట ఎవరిచ్చారక్కా?"

"సముద్రం ఇచ్చింది. తిట్టుకోకుండా పరుపులు పరుచు."

పిల్లలు నిద్రకి ఒరిగాక నెనీతా కోరలీని మూలకి పిలిచి, క్రేయాన్ల పెట్టె ముందు పెట్టింది. ఓడ పుట్టినప్పట్నుంచీ ఎవరూ సర్దని పెట్టె అది. విరిగినవి, నలిగినవి, కాగితం ఊడినవి, అన్ని రంగులూ కలిసి గుట్ట. "ఏ రంగుకారంగు డబ్బాలో వెయ్యాలి. చప్పుడు కాకూడదు. చప్పుడైతే ఇద్దరం దొరికిపోతాం."

కోరలీ గుట్టని చూసింది. ఆ కళ్ళలో వెలుగు చూడాలి! ఒక ఎర్రముక్క తీసి దీపానికి ఎత్తి పట్టుకుని, "ఇది ఎరుపు కాదు, ఇటుకరంగు. దీనికి వేరే డబ్బా కావాలి," అని గుసగుసలాడింది.

కెర్విన్ వచ్చేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. ఆయన రెండడుగులు వేశాడో లేదో, బూట్లు కిర్రుమన్నాయి. మూలనుంచి చిన్న వేలు ఒకటి లేచి ఆయన కాళ్ళవైపు చూపించింది. కెర్విన్ నెనీతా వైపు చూశాడు. నెనీతా ఇటుక తుడుచుకుంటోంది, తనకేం తెలియనట్టు. ఆయన వంగి బూట్లు విప్పాడు. ఒక మేజోడు బొటనవేలు దగ్గర చిల్లుపడి ఉంది.

"కూచోండి," అంది కోరలీ. "నీలాలు మీవి."

ఎందుకు కూచున్నాడో ఆయనకే తెలియదు. మేనేజరు కాళ్ళు చాపుకుని, చేపపిల్లల్ని ఏరినట్టు నీలం ముక్కలు ఏరుతున్నాడు. ఆకాశనీలం సముద్రనీలంలో వేస్తే కోరలీ మాట్లాడకుండా తీసి పక్క డబ్బాలో వేసేది. కాసేపటికి ఏరే చెయ్యి నెమ్మదించింది. తల గోడకి ఆనింది. ఇంకాసేపటికి సన్నగా గురక.

"లేపనా?" అంది కోరలీ.

"వద్దులే. ఆయన వాటా నువ్వే ఏరు."

పన్నెండు కొట్టి, గోడ గడియారం వెనక్కి వెళ్ళి, మళ్ళీ పన్నెండు దాటింది. పిల్లలెవరూ కదల్లేదు. ఇంతలో మెట్లమీద పరుగు చప్పుడు. తలుపు భళ్ళున తెరుచుకుంది.

లవాన్. గౌను లేదు. బాతుబొమ్మల చొక్కా, ఒట్టి కాళ్ళు, జుట్టంతా ఒకవైపుకి అణిగిపోయి ఉంది. చేతిలో అలారం గడియారం. "మోగలేదు... మోగిందేమో, నేనే వినలేదు... ఆలస్యమైపోయింది, తెలుసు. ఒక్కసారికి క్షమించండయ్యా. మొక్కజొన్న రొట్టె, మొక్కజొన్న రొట్టె!"

కెర్విన్ ఉలిక్కిపడి లేచాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. అడుగు వెయ్యబోయి తూలి అల్మారా పట్టుకున్నాడు. ఏదో చెప్పబోతే నాలుక తిరగలేదు.

"తాగారా సార్?" అంది యొలీసా, చాలా మర్యాదగా.

కెర్విన్ మొహం తుడుచుకుని లవాన్‌ని చూశాడు, ఆవిడ చెంపమీది దిండు గీతని చూశాడు. తరవాత ఆవిడ చేతిలోని గడియారం అందుకుని, గోడ గడియారం పక్కన పెట్టి చూపించాడు.

"ఆలస్యం కాలేదమ్మా. మీ గడియారానికి ఓడ సంగతి తెలీదు. ఇందాక పన్నెండింటికి మేం గంట వెనక్కి తిప్పాం. ఒంటిగంటవడానికి ఇంకా బోలెడంత టైముంది. వెళ్ళి పడుకోండి."

లవాన్‌కి అర్థం కాలేదు. గోడవైపు, చేతివైపు, మళ్ళీ గోడవైపు చూసింది. "ఇంకా ఉందా?" అంది. "నిజంగా? ఊరికే?" అని, నవ్వబోయి, చేత్తో నోరు మూసుకుంది. "కిందికి వెళ్ళి రావడానికే సరిపోతుందయ్యా. ఇక్కడే ఎక్కడైనా కూచుంటాను."

పెద్దవాళ్ళు పిల్లల గదిలోకి రాకూడదు. అది తలుపుమీదే రాసి ఉంది, రాయించింది కెర్వినే. ఆయన ఒక పరుపు చంకన పెట్టుకుని, గడప అవతల, వరండాలో గోడవారగా పరిచాడు. దిండు వేశాడు. పిల్లల దుప్పటి ఒకటి, డాల్ఫిన్ బొమ్మలది, తెచ్చి ఇచ్చాడు. "నిబంధన నిబంధనే," అన్నాడు ఎవర్నీ చూడకుండా. "నిన్న అందరి ముందూ అన్నాను. రేపు అందరి ముందే వెనక్కి తీసుకుంటాను. రోజూ ఒంటిగంట దాకా ఉంటుంది పాప."

దుప్పటి ఆవిడకి మోకాళ్ళ దాకానే వచ్చింది. కళ్ళు మూసిందో లేదో నిద్రపోయింది.

ఒంటిగంటకి తళుకుల దుస్తుల్లో తల్లిదండ్రులు వచ్చారు. వరండాలో పడుకున్న మనిషిని చూసి ఒకాయన ఏదో అనబోతే, గడపలో మేజోళ్ళతో నిలబడ్డ మేనేజరు వేలు పెదాలమీద పెట్టుకున్నాడు. అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని, గుర్తుమాటలు గుసగుసగా చెప్పి, పిల్లల్ని ఎత్తుకుని పోయారు. యొలీసా పరుపులు చుట్టేసింది.

మూలన కోరలీ ఆఖరి క్రేయాన్‌ని డబ్బాలో వేసింది. డబ్బాలన్నీ వరసగా, రంగురంగులుగా నిండి ఉన్నాయి. నెనీతా చేతులు తుడుచుకుని లేచింది, తల్లిని లేపాలి కదా. కోరలీ కూడా లేచి గడప దాకా వచ్చింది. తల్లి నోరు కొంచెం తెరుచుకుని ఉంది, చెయ్యి పరుపు దాటి నేలమీద పడి ఉంది. రెండు కళ్ళూ మూసే ఉన్నాయి. పిల్ల వంగి, ఇంతకుముందెప్పుడూ చూడని దాన్ని చూస్తున్నట్టు, చాలాసేపు చూసింది.

తరవాత మునివేళ్ళ మీద మూలకి వెళ్ళింది. ఒక్కో డబ్బా తీసి, చప్పుడు కాకుండా గుప్పెడు గుప్పెడు చొప్పున, క్రేయాన్లన్నీ మళ్ళీ పెద్ద పెట్టెలో పోసింది. చేత్తో బాగా కలిపింది.

"అయ్యో," అంది గుసగుసగా, "అన్నీ కలిసిపోయాయి."

నెనీతా లవాన్‌ని లేపకుండా వెళ్ళి ఆ పిల్ల పక్కన కూచుంది. కెర్విన్ గోడ గడియారాన్ని ఓసారి చూసి, వచ్చి ఇటుపక్క కూచుని, నీలాలు ఏరడం మొదలుపెట్టాడు.